మార్కాపురం ల్యాబులో సుబ్బారావు నీలం

మార్కాపురంలో మిట్టమధ్యాహ్నం. ఫార్మసీ విద్యార్థుల ల్యాబులో ఫ్యాన్ తిరుగుతున్నా చెమట ఆగదు. మీరు బల్ల చివర నిలబడ్డారు. ముందున్న స్టాండులో వరసగా టెస్ట్‌ట్యూబులు. సీరంలో ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం వేస్తే ప్రొటీన్ విరిగింది. దాన్ని వడగడితే దిగిన తేట ఇది. అందులో అమ్మోనియం మాలిబ్డేట్ పోశారు, పెద్దగా మార్పు లేదు. ఆఖర్న ఒక అమ్మాయి అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం (ఎ.ఎన్.ఎస్.ఎ.) ద్రావణం కొంచెం వేసి కుదిపింది. చూస్తుండగానే నీలం పుట్టి ట్యూబంతా పరుచుకుంది.

"టైం చూసుకున్నావా అమ్మా?"

"చూశాను మేడం. ఇంకా రీడింగ్ తియ్యలేదు."

ఎంత నీలమో అంత ఫాస్ఫరస్. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగిన పిల్లలు వీళ్లు. ఎముకలో కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ ఉంటుందని వీళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయి రికార్డులో శీర్షిక రాస్తోంది: ఫిస్కే–సుబ్బారావు పద్ధతి.

ఇక ఇదే నీలాన్ని బోస్టన్‌లో చూడండి. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే పక్కన ఉన్నారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని కూడా చేసిన మనిషి. ఈ పద్ధతిని వివరిస్తూ ఇద్దరూ 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో రాసిన పత్రాన్ని ఆ తర్వాత వేల పరిశోధనా పత్రాలు ఉదహరించాయి.

అయితే నన్ను కట్టిపడేసేది ఆ లెక్క కాదు, కండరం తేటతో వాళ్లకు ఎదురైన చిక్కు. దాని రంగు తేలాల్సిన టైముకు తేలదు. ఆలస్యంగా, నెమ్మదిగా ముదురుతూ పోతుంది. రసాయనం పాడైందని పారబోసేవాళ్లే ఎక్కువ. వీళ్లు మాత్రం ఆగి ఆలోచించారు. కండరంలో ఏదో పదార్థం ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉంది, ఆమ్లంలో కొంచెం కొంచెంగా వదులుతోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం అప్పట్లో చెలామణిలో ఉంది; కండరంలో లాక్టిక్ ఆమ్లంపై చేసిన పనికి 1922 నోబెల్ కూడా వచ్చింది. ఈ నీలం ఆ సిద్ధాంతాన్ని కదిలించింది. 1929లో, కణాలకు శక్తినందించే ఏటీపీని కూడా ఈ ఇద్దరూ బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా దాన్ని కనుగొన్నాడు. ఇంత చేసినా హార్వర్డ్ సుబ్బారావుకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. అది అన్యాయమే. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు.

అక్కణ్ణుంచి ఆయన పని పత్రాల్లో కంటే మందుల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. చూడాలంటే మార్కాపురం రోడ్ స్టేషన్‌లో రైలెక్కండి. తర్లుపాడు, కంభం దాటితే గిద్దలూరు. నల్లమల దగ్గరపడింది. ఊరి పక్కన సబ్‌సెంటర్ వరండాలో గర్భిణులు కూర్చున్నారు. ఏఎన్ఎమ్ ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రల షీటు చేతిలో పెడుతోంది.

"నల్లగా పోతుందక్కా, భయమేస్తాంది."

"ఐరన్‌కు అట్లనే పోతాది తల్లీ, భయపడొద్దు. టీ తాగిన ఎంబటే మాత్రం వేసుకోబాక."

ఆ మాత్రలోని ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో కృత్రిమంగా తయారుచేసినట్టు 1945లో ప్రకటించింది సుబ్బారావు బృందమే. పత్రం మీద ఆయన పేరు చాలామంది మధ్యలో ఉంటుంది. యువకుడిగా ఉండగా కొద్ది రోజుల తేడాలో ఆయన ఇద్దరు సోదరులను, తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ వ్యాధి తీసుకుపోయింది. ఆ స్ప్రూకి ఫోలిక్ యాసిడ్ పనిచేసింది.

ఆ బృందమే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని 1948 జూన్‌లో ప్రచురించాడు. రచయితల్లో సుబ్బారావు లేరు. ఆగస్టులో, 53 ఏళ్లకు, కన్నుమూశారు.

ఇప్పుడు గిద్దలూరు బజారులో మందుల షాపు ముందు నిలబడండి. కీళ్లవాతం ఉన్న పెద్దావిడ చీటీ ఇచ్చింది. అందులో రెండు మందులు: అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్, దాని దుష్ప్రభావాలు తగ్గించే ఫోలిక్ యాసిడ్. రెండింటి వెనకా ఆ పెర్ల్ రివర్ బృందం పని ఉంది. షాపతను మొదటి షీటు మీద పెన్నుతో గుండ్రంగా గీత గీస్తున్నాడు. "అమ్మా, ఇది వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. రెండోది డాక్టరు రాసిన రోజున వేసుకో."