‘ఆనవాళ్లు దొరకలేదు’ అంటే నేరం జరగలేదనా?

అట్రాసిటీ కేసుల్లో ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు రాగానే చర్చంతా ఒక్క మాట దగ్గర ఆగిపోతుంది: దొరికిందా, దొరకలేదా? బాధితుల పక్షాన నిలబడే మనం ఆ మాటను సరిగ్గా చదవడం నేర్చుకోవాలి.

1910లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పోలీసు ప్రయోగశాల పెట్టిన ఎడ్మండ్ లోకార్డ్ ఆలోచనే దీనికి పునాది. రెండు ఒకదాన్నొకటి తాకితే, ఒకదానిది మరొకదానికి ఏదో అంటుతుంది. అది వెంట్రుక కావచ్చు, నూలు పోగు, మట్టి, రక్తం, చర్మకణాలు కావచ్చు. అయితే అంటినదల్లా నిలవదు, నిలిచినదల్లా దొరకదు. బట్టలకు అంటిన పోగుల్లో ఎక్కువ భాగం కొన్ని గంటల్లోనే రాలిపోతాయి. స్నానం, ఉతుకు, వాన, ఆసుపత్రిలో శుభ్రం చేయడం మిగిలినవాటినీ చెరిపేస్తాయి.

హత్రాస్‌లో ఇదే జరిగింది. దళిత యువతిపై దాడి 2020 సెప్టెంబర్ 14న జరిగింది. లైంగిక దాడి కేసుల్లో నమూనాలను 96 గంటల్లోపు తీయాలని కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆమె నమూనాలు తీసేసరికి ఆ గడువు ఎప్పుడో దాటింది. అయినా వీర్యం దొరకలేదు కాబట్టి అత్యాచారం జరగలేదని యూపీ పోలీసు ఉన్నతాధికారి ప్రకటించారు. అత్యాచార నిరూపణకు వీర్యం దొరకాలని చట్టంలో ఎక్కడా లేదు. తర్వాత సీబీఐ సామూహిక అత్యాచారం, హత్య ఆరోపణలతో చార్జిషీటు వేసింది. 2023 మార్చిలో కోర్టు అత్యాచార ఆరోపణను అంగీకరించలేదు. ముగ్గురిని విడుదల చేసి, ఒకరికి యావజ్జీవం వేసింది. తీర్పు ఏదైనా, ఆలస్యంగా తీసిన నమూనా ఇచ్చే ‘లేదు’ జవాబుకు బలం తక్కువన్నది మారదు.

దొరికినా జాగ్రత్తే. 2012లో కాలిఫోర్నియాలో హత్యకు గురైన వ్యక్తి గోళ్లలో ఒక నిరాశ్రయుడి డీఎన్‌ఏ దొరికింది. హత్య సమయానికి అతను ఆసుపత్రిలో ఉన్నాడు. అతన్ని ఆసుపత్రికి చేర్చిన అంబులెన్స్ సిబ్బందే కొన్ని గంటల తర్వాత హత్యాస్థలికీ వెళ్లారు. వాళ్ల ద్వారానే ఆ డీఎన్‌ఏ అక్కడికి చేరింది. ఈలోగా అతను నెలల తరబడి జైల్లో గడిపాడు. డీఎన్‌ఏ ఎవరిదో ల్యాబ్ చెప్పగలదు. అది అక్కడికి ఎలా వచ్చిందన్నది వేరే ప్రశ్న. అనుమానం ముందుగా పేదల మీదే పడే మన దగ్గర ఈ తేడా ప్రాణప్రదం.

కాబట్టి రిపోర్టు చేతికి రాగానే ఇవి అడుగుదాం:

- ఘటన ఎప్పుడు జరిగింది, నమూనా ఎప్పుడు తీశారు, ల్యాబ్‌కు ఎప్పుడు చేరింది?
- క్లూస్ టీమ్ ఎక్కడెక్కడ వెతికింది? బాధితుల, నిందితుల బట్టలను విడివిడిగా సీల్ చేశారా?
- ఆ ఆనవాలు మామూలు పరిచయం వల్లో, మూడో మనిషి ద్వారానో వచ్చే అవకాశం ఉందా?

ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలని బీఎన్‌ఎస్‌ఎస్ 176(3) చెబుతోంది. దీని అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు వ్యవధి ఉంది. అందాకా ఆగకుండా, మొదటి రోజే నమూనాల సేకరణ కోసం రాతపూర్వకంగా కోరదాం.