సొరకాయ నుండి కల్పిత గోళం దాకా: శస్త్రచికిత్స శిక్షణలో అనుకరణ చరిత్ర

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో తొమ్మిదవ అధ్యాయం యోగ్యాసూత్రీయం. శాస్త్రమంతా చదివినా చేతితో అభ్యాసం చేయని శిష్యుడు చికిత్సకు అర్హుడు కాడని అది మొదటనే నిర్ణయిస్తుంది. కోతకు గుమ్మడి, సొర, పుచ్చ, దోస వంటి కాయలు; భేదనానికి నీరు, బురద నింపిన తోలుతిత్తులు; సిరావేధకు చచ్చిన పశువుల సిరలు, తామరకాడలు; కుట్టుకు మందపు గుడ్డ, మెత్తని తోలు అంచులు. ఇవేవీ చూపుకు మానవదేహాన్ని పోలవు. మనిషి ఆకారపు బొమ్మను కట్లు కట్టడానికి మాత్రమే చెప్పడం గమనార్హం. చేతికి కావలసింది రూపసామ్యం కాదు, చలనసామ్యం అన్న ఎరుక అందులో ఉంది.

ఆధునిక శిక్షణ వేరే దారి పట్టింది. 1889లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ రూపొందించిన రెసిడెన్సీ పద్ధతిలో శిష్యుడు గురువు పర్యవేక్షణలో క్రమంగా బాధ్యత పెంచుకుంటూ రోగి దేహంపైనే నేర్చుకుంటాడు. శిక్షణకు అయ్యే మూల్యంలో కొంత రోగే చెల్లించేవాడు. ఈ మాట ఆ పద్ధతి ప్రశంసల్లో అంతగా వినిపించదు.

1985 సెప్టెంబరు 12న జర్మనీలో ఎరిక్ ముహె లాపరోస్కోపీ ద్వారా పిత్తాశయాన్ని తొలగించాడు. కొద్ది సంవత్సరాల్లోనే ఆ పద్ధతి ప్రపంచమంతా వ్యాపించింది. కన్ను తెరమీద, చేయి పొడవాటి పరికరం మీద. చేయి కుడికి కదిలితే లోపలి కొన ఎడమకు పోతుంది, లోతు తెలియదు. అనుభవజ్ఞులు సైతం మళ్ళీ విద్యార్థులయ్యారు. తొలి సంవత్సరాల్లో పిత్తనాళ గాయాలు పెరిగాయి. రోగి బయట నేర్చుకునే చోటు అత్యవసరమైంది.

అమెరికా సైనిక శస్త్రవైద్యుడు రిచర్డ్ సటావా తన వర్చువల్ రియాలిటీ నమూనాను 1993లో ప్రకటించాడు. అందులోని అవయవాలు వ్యంగ్యచిత్రాలకు దగ్గరగా ఉండేవి. 1997 నాటి మిస్ట్-వీఆర్ అవయవాలనే వదిలేసింది. తెరమీద గోళాలు, పెట్టెలు మాత్రమే. వాటిని పట్టడం, మార్చడం, కాల్చడం. యంత్రం కాలాన్నీ, పొరపాట్లనూ, వృథా కదలికలనూ లెక్కించేది.

యేల్ విశ్వవిద్యాలయంలో నీల్ సేమర్ బృందం 2002లో ప్రకటించిన అధ్యయనం నిర్ణాయకమైంది. పదహారుమంది రెసిడెంట్లలో సగం మంది నిపుణుల స్థాయి అందేదాకా ఈ యంత్రంపై సాధన చేశారు. ఎవరు ఏ జట్టువారో తెలియని పరీక్షకులు తర్వాతి శస్త్రచికిత్సల వీడియోలు చూశారు. యంత్రంపై సాధన చేసినవారు 29 శాతం వేగంగా పని ముగించారు. సగటు పొరపాట్లు ఇటు 1.19, అటు 7.38. సంఖ్య చిన్నదే, పరీక్షించినదీ పిత్తాశయాన్ని కాలేయం నుండి విడదీసే ఘట్టం మాత్రమే. అయినా ‘ఎన్ని గంటలు’ అనే ప్రశ్న స్థానంలో ‘ఏ స్థాయి వరకు’ అనే ప్రశ్న నిలిచింది. యంత్రంకన్నా ఈ మార్పే పెద్దది.

యంత్రం ధర మాత్రం అడ్డంకిగానే మిగిలింది. అమెరికన్ బోర్డ్ ఆఫ్ సర్జరీ 2000ల దశకం చివర తప్పనిసరి చేసిన లాపరోస్కోపీ నైపుణ్య పరీక్షలో వర్చువల్ రియాలిటీ లేదు. ఒక పెట్టె, ఒక కెమెరా, గాజుగుడ్డపై గీసిన వలయం; అభ్యర్థి ఆ గీత వెంట కత్తిరించాలి.