యాఖిమోవ్

యాఖిమోవ్: చెక్ రిపబ్లిక్ వాయవ్య సరిహద్దున, కార్లొవి వారి ప్రాంతంలో ఉన్న కొండ పట్టణం. జర్మన్ పేరు సాంక్ట్ యోఆఖిమ్స్‌టాల్, అంటే సెయింట్ యోఆఖిమ్ లోయ. జనాభా రెండున్నర వేలకు లోపే. పదహారో శతాబ్దపు వెండి గనులు, డాలరు అనే మాటకు మూలమైన నాణెం, రేడియం, రాడాన్ స్నానాల వల్ల దీని పేరు ఊరి పరిమాణానికి మించి వినిపిస్తుంది.

భౌగోళికం. చెక్ దేశానికీ జర్మనీలోని సాక్సనీకీ నడుమ గోడలా నిలిచిన క్రుష్నే హోరి పర్వతశ్రేణి సాక్సనీ వైపు మెల్లగా వాలుతుంది, చెక్ వైపు ఒక్కసారిగా దిగుతుంది. ఆ నిట్రవాలును కోసుకుంటూ పారే వాగు వెంట, ఇరుకు లోయలో ఊరు పొడవుగా సాగింది. అడుగున వైద్య స్నానశాలలు, పైకి వెళ్తే చర్చి, టంకశాల, పాత పట్టణం. ఈశాన్యాన శ్రేణిలో అత్యున్నత శిఖరం క్లీనొవెట్స్ (1,244 మీటర్లు) ఉంది. ఖనిజ శాస్త్రజ్ఞులకు ఈ లోయ తీర్థక్షేత్రం వంటిది. వెండి, బిస్మత్, కోబాల్ట్, నికెల్, యురేనియం ఒకే సిరల్లో కలిసి దొరకడం దీని ప్రత్యేకత. ఇక్కడ నమోదైన ఖనిజాలు నాలుగు వందలకు పైమాటే.

వెండి, నాణెం. అంతకుముందు ఇక్కడ కోన్రాడ్స్‌గ్రూన్ అనే పల్లె ఉండి పాడుబడిందంటారు. వెండి కోసం తవ్వకాలు 1512లోనే మొదలయ్యాయని కొందరు రాశారు. అది తొలి ప్రయత్నమే కావచ్చు. ఊరు పుట్టిన సంవత్సరంగా 1516నే తీసుకోవడం సబబు, ఎందుకంటే ష్లిక్ వంశపు కౌంట్ ష్టెఫాన్ పూనుకుని గనులను నిలబెట్టింది ఆ ఏడే. సాక్సనీ వైపు అప్పటికే అన్నా పేరిట ఆన్నబెర్గ్ అనే గని పట్టణం ఉంది. అన్నా మరియమ్మ తల్లి కాబట్టి, తండ్రి యోఆఖిమ్ పేరు ఈ లోయకు దక్కింది. 1520లో బొహీమియా (నేటి చెక్ దేశంలో పెద్ద భాగం) రాజు రెండో లాయోష్ దీన్ని స్వతంత్ర గని పట్టణంగా గుర్తించాడు. 1530ల నాటికి జనం పద్దెనిమిది వేలకు చేరారని, బొహీమియాలో ప్రాగ్ తర్వాత ఇదే పెద్ద పట్టణమని తరచు చెబుతారు. ఈ అంకెలో చుట్టుపక్కల గనుల కూలీలు ఎందరు కలిశారో చూసుకోవాలి.

ష్లిక్‌లు పోసిన పెద్ద వెండి నాణెం బరువు సుమారు 29 గ్రాములు. ఒకవైపు యోఆఖిమ్, మరోవైపు రెండు తోకల బొహీమియా సింహం. బొహీమియా సభ టంకన హక్కును 1520 జనవరిలో మంజూరు చేసింది, అయితే ముద్రణ 1519లోనే మొదలైందన్నది ఎక్కువమంది మాట. తొలి విడత నాణేలపై సంవత్సరం లేకపోవడం వల్ల ఈ వాదం తెగలేదు. ఈ తరహా నాణేల్లో ఇదే మొదటిదనడం మాత్రం పొరపాటు, టిరోల్‌లో 1486లోనే ఇలాంటిది వచ్చింది. యోఆఖిమ్స్‌టాల్ నాణెం గొప్పతనం సంఖ్యలో ఉంది. అది ఎంతగా చెలామణి అయిందంటే ఊరి పేరే నాణెం పేరైంది: యోఆఖిమ్స్‌టాలర్ కాస్తా టాలర్‌గా, డచ్చి నోట డాల్డర్‌గా, ఇంగ్లీషులో డాలరుగా మారింది. (మెడ గొలుసుకు వేలాడే బిళ్ళను మనం డాలరనడంలోనూ ఈ లోయ పేరు దాగి ఉంది.) ష్టెఫాన్ 1526లో మొహాచ్ యుద్ధంలో రాజుతో పాటే పోయాడు. రెండేళ్ళకు టంకశాల తర్వాతి రాజు ఫెర్డినాండ్ చేతికి వెళ్ళింది.

గనుల శాస్త్రానికి ఆద్యుడనదగ్గ గియోర్గియస్ అగ్రికోలా 1527 నుంచి కొన్నేళ్ళు ఇక్కడ వైద్యుడు. ఇక్కడి గనులు చూసి రాసిన సంభాషణ గ్రంథం ‘బెర్మానుస్’ 1530లో పండితుడు ఎరాస్మస్ లేఖతో వెలువడింది. ఏడుగురేసి భర్తలను గనుల దుమ్ముకు పోగొట్టుకున్న స్త్రీల గురించి ఆయన చెప్పిన మాటను చాలామంది ఈ ఊరికి అంటగడతారు. ఆయన రాసింది కార్పాతియన్ గనుల గురించి. మతసంస్కర్త లూథర్ శిష్యుడు యోహాన్నెస్ మథేసియస్ ఇక్కడ బడి నడిపి, తర్వాత పాస్టరై 1565లో కన్నుమూశాడు. ఆ లాటిన్ బడి గ్రంథాలయం ఇప్పటికీ ఊళ్ళోనే ఉంది.

పదహారో శతాబ్ది ద్వితీయార్ధంలో వెండి తగ్గింది. ముప్ఫై ఏళ్ళ యుద్ధంతోను, ప్రొటెస్టెంట్ల వలసతోను ఊరు చితికిపోయింది. 1873 మార్చి 31 నాటి అగ్నిప్రమాదంలో పట్టణంలో ఎక్కువ భాగం, చర్చితో సహా కాలిపోయింది.

నల్లరాయి. వెండి సిర తెగిపోయే చోట బరువైన నల్లరాయి తగిలేది. గని కూలీలు దాన్ని పక్కకు పారేసేవారు. దాని జర్మన్ పేరు పెక్‌బ్లెండెలో ‘పెక్’కు తారు అనీ దురదృష్టమనీ రెండర్థాలు. రెండోదాన్ని చెప్పే కథే జనానికి ఇష్టం, కాని రాయి నల్లని మెరుపును బట్టి మొదటిదే నమ్మదగినది. 1789లో రసాయన శాస్త్రవేత్త క్లాప్‌రోట్ యురేనియాన్ని కనుగొన్నది యాఖిమోవ్ రాతిలోనేనని పదేపదే రాస్తుంటారు. ఆయన నమూనా సరిహద్దు అవతలి యోహాన్‌గియోర్గెన్‌స్టాట్ గనిదని చెప్పడమే సరైనది. పందొమ్మిదో శతాబ్ది మధ్యలో గాజుకూ పింగాణీకీ రంగులద్దే యురేనియం పదార్థాల తయారీ ఇక్కడ మొదలైంది. ఆ కర్మాగారంలో మిగిలిన పిప్పినే అప్పుడీ ప్రాంతాన్ని ఏలుతున్న ఆస్ట్రియా ప్రభుత్వం క్యూరీ దంపతులకు పంపింది. 1898లో వారు పొలోనియం, రేడియం ఉనికిని ప్రకటించారు. మేరీ క్యూరీ 1925లో ఈ ఊరికి స్వయంగా వచ్చింది.

1938లో మ్యూనిక్ ఒప్పందంతో పట్టణం నాజీ జర్మనీకి పోయింది. యుద్ధం ముగిశాక జర్మన్ మాట్లాడే జనాన్ని వెళ్ళగొట్టారు. 1945 నవంబరులో కుదిరిన ఒప్పందంతో యురేనియం సోవియట్ యూనియన్‌కు తరలింది. మొదట యుద్ధఖైదీలు, 1949 నుంచి రాజకీయ ఖైదీలు గనుల్లో దిగారు. వాటి పేర్లు రొవ్నొస్త్, బ్రాత్ర్స్‌త్వీ, స్వొర్నొస్త్: సమానత్వం, సోదరత్వం, ఐకమత్యం. కిందనున్న వీక్మనొవ్‌లో ఖైదీలు ఖనిజాన్ని దంచి పీపాల్లో నింపిన ఇటుక కట్టడాన్ని ‘మృత్యు గోపురం’ అంటారు. యురేనియం తవ్వకం 1964లో ఆగింది.

నేడు. గనిలో ఊరే నీటిలో రాడాన్ ఉందని గ్రహించి 1906లో ఇక్కడ స్నాన చికిత్స ప్రారంభించారు. దానితో పేరుపొందిన రేడియం ప్యాలెస్ హోటల్‌ను 1912లో తెరిచారు. కీళ్ళు, వెన్ను బాధలతో రోగులు వస్తారు. మేలు ఎంతన్నదానిపై వైద్యుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. నాలుగు రోజులు తిరక్కుండానే రాడాన్ సగానికి తగ్గిపోతుంది గనుక ఈ నీటిని దూరం మోసుకుపోయి లాభం లేదు. 2019లో క్రుష్నే హోరి గనుల ప్రాంతంతో కలిపి యాఖిమోవ్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాత టంకశాల మ్యూజియం అయింది. 1518లో వెండి కోసం తవ్వడం మొదలుపెట్టారనే స్వొర్నొస్త్ గని ఇప్పటికీ పనిచేస్తోంది, స్నానశాలలకు నీరు పంపడానికి.