అద్దె సాఫ్ట్‌వేర్, సొంత లెక్కలు

చిన్న కంపెనీల చిట్టా ఆవర్జాలు ఒక్కటొక్కటిగా క్లౌడ్‌కి ఎక్కుతున్నాయి. ఆఫీసు కంప్యూటర్‌లో వేసుకునే ప్యాకేజీకి బదులు, జోహో బుక్స్ లాంటి సేవకు నెలకో ఏడాదికో చందా కట్టి, బిల్లింగు, సరుకు నిల్వ, జీఎస్టీ అన్నీ బ్రౌజర్‌లోనే నడిపించుకోవచ్చు. ఈ సౌకర్యం నిజమైనదే. అయితే సాఫ్ట్‌వేర్ అద్దెదైనా, లెక్కలకు చట్టం ముందు జవాబు చెప్పాల్సింది కంపెనీయే. అందుకే ఒప్పందంలో కనిపించే మాటలను యజమాని స్వయంగా చదివి అర్థం చేసుకోవాలి.

హోస్టింగ్. ప్రోగ్రామూ డేటా రెండూ సేవ ఇచ్చే సంస్థ సర్వర్ల మీదే ఉంటాయి. సర్వర్ కొనక్కర్లేదు, కొత్త వెర్షన్ల బాధ్యతా వాళ్లదే. ఆ సర్వర్ ఏ దేశంలో ఉందో మాత్రం అడిగి తెలుసుకోవాలి. కంపెనీల చట్టం కింద రిజిస్టరైన సంస్థ ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్‌ను మన దేశంలో ఉన్న సర్వర్‌లో ఏ రోజుకారోజు ఉంచాలని 2022 ఆగస్టులో సవరించిన నిబంధన చెబుతోంది. సేవ ఇచ్చే సంస్థ పేరు, చోటు, ఐపీ అడ్రసు వంటి వివరాలను ఏటా రిజిస్ట్రార్‌కు తెలపాలి కూడా.

మాడ్యూల్. అమ్మకాలు, కొనుగోళ్లు, స్టాకు, జీతాలు వేటికవి మాడ్యూళ్లు. వీటి విలువ విడివిడిగా కాదు, కలిసి పనిచేయడంలో ఉంది. ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే కంపెనీనే తీసుకుందాం. కౌంటర్‌లో పది బ్రేక్ లైనర్లకు అరువు బిల్లు కొట్టగానే స్టాకులో పది తగ్గాలి, ఆ పార్టీ ఖాతాలో బాకీ పెరగాలి, పన్ను లెక్కలో చేరాలి, అమ్మకాల రిటర్ను అయిన జీఎస్‌టీఆర్-1లో ఆ బిల్లు కనిపించాలి. అదే బిల్లును రెండోసారి ఎక్కడైనా చేత్తో ఎక్కించాల్సి వస్తే, మాడ్యూళ్లు ఉన్నా లేనట్టే.

యూజర్. చాలా సేవల్లో ఎంతమంది వాడితే అంత చందా. డబ్బు మిగులుతుందని ఒకే లాగిన్‌ను నలుగురూ పంచుకోవడం చాలాచోట్ల చూస్తాం. ఈ పొదుపు ఎంత ఖరీదైనదో తర్వాతి మాటలో తెలుస్తుంది. బిల్లు కొట్టే మనిషికి బిల్లు కొట్టే అధికారమే ఉండాలి, కొట్టేసే అధికారం ఉండకూడదు. ఎవరి లాగిన్ వారికి ఉంటేనే అది కుదురుతుంది.

ఆడిట్ ట్రెయిల్. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి లావాదేవీలోని ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేయాలి. ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదు. రూ.50,000 బిల్లును ఎవరైనా రూ.45,000కు దిద్దితే పాత అంకె, కొత్త అంకె, దిద్దిన సమయం, యూజర్ పేరు అన్నీ ఉండిపోతాయి. నలుగురూ ఒకే లాగిన్ వాడుతుంటే, దిద్దింది ఎవరో ఆ నమోదు చెప్పలేదు. మార్పుల నమోదు సరిగా ఉందో లేదో ఆడిటర్ తన నివేదికలో రాయాల్సిందే.

అప్‌టైమ్. 99.9 శాతం అంటే లోటే లేదనిపిస్తుంది. ముప్పై రోజుల నెలలో మిగిలిన 0.1 శాతం దాదాపు 43 నిమిషాలు. ముందే చెప్పి చేసే మరమ్మతులను చాలా ఒప్పందాలు ఈ లెక్కలో కలపవు. జీఎస్‌టీఆర్-3బీ రిటర్నును నెలనెలా వేసేవారికి గడువు 20వ తేదీ. ఆ సాయంత్రం దాకా ఆగితే ఆ నిమిషాలే మీద పడొచ్చు.

ఎక్స్‌పోర్ట్. అన్నిటికన్నా బరువైన మాట ఇది. చందా ఏడాదిది, బాధ్యత అంతకన్నా పొడవైనది. కంపెనీ ఎనిమిది ఆర్థిక సంవత్సరాల లెక్కల పుస్తకాలను, వోచర్లను భద్రపరచాలి. కంపెనీగా రిజిస్టర్ కాకపోయినా, జీఎస్టీలో నమోదైన ప్రతి వ్యాపారీ వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు రికార్డులు దాచాలి. చందా ఆపిన తర్వాత ఆ డేటా ఎన్నాళ్లు ఉంచుతారో ఒప్పందంలో రాసి ఉండాలి. పీడీఎఫ్‌లు చూసుకోవడానికి బాగుంటాయి గానీ వాటిని మరో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం కష్టం. పార్టీల ఖాతాలు, స్టాకు, వోచర్లు ఎక్సెల్‌లోనో సీఎస్‌వీలోనో రావాలి. జతచేసిన బిల్లు కాపీలు, మార్పుల నమోదు కూడా వస్తాయో లేదో అడగాలి.

వీటికి జవాబులు అమ్మేవాళ్ల మాటల్లో వెతకనక్కర్లేదు. ట్రయల్ గడువులోనే ఒక నెల బిల్లులు ఎక్కించి, అన్నీ బయటికి దించి, ఆ ఫైళ్లను మీ ఆడిటర్ ముందు పెట్టండి. సాఫ్ట్‌వేర్ తెరవకుండానే ఆయన ఆ నెల లెక్క తేల్చగలిగితే, సంతకం పెట్టొచ్చు.