ఇలియట్ తవ్వాడు, కంపెనీ మరిచింది

మార్చి 1 సర్ వాల్టర్ ఇలియట్ వర్ధంతి. మన దగ్గర ఎవరికీ పట్టని తేదీ. బ్రౌన్‌కు కడపలో గ్రంథాలయం ఉంది, కాటన్‌కు గోదావరి గట్టున విగ్రహాలున్నాయి. ఇలియట్‌కు దక్కింది చరిత్ర పుస్తకాల్లో అధోసూచికే.

1803లో ఎడింబరోలో పుట్టి, కుర్రతనంలోనే ఈస్టిండియా కంపెనీ కొలువుకు మద్రాసు వచ్చాడు. 1824లో కిత్తూరు రాణి చెన్నమ్మ మనుషులకు బందీగా చిక్కి, ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ కన్నడ సీమలోనే 595 శాసనాలకు నకళ్లు రాయించి, చాళుక్య రాజుల వరుస తేల్చాడు. 1845లో గుంటూరు చేరాడు.

పక్కనే అమరావతి. అక్కడి బౌద్ధ స్తూపం వెలిగిన శాతవాహనుల కాలం నుంచి ఒక్క దూకులో 1344కి వస్తే, సింహళంలోని ఓ శాసనం ధాన్యకటకంలో (అమరావతి పాత పేరు) గుడి బాగుచేయించిన భిక్షువును తలుస్తుంది. ఆపై నాలుగున్నర శతాబ్దాలు ఎవరూ నోరు మెదపరు. 1790ల్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఊరు కట్టిస్తుంటే దీపాలదిన్నె అనే ఆ స్తూపం దిబ్బ రాళ్లు ఆ కట్టడాల పాలయ్యాయి. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు.

ఇలియట్ దిబ్బను మళ్లీ తవ్వించాడు. పూర్ణకుంభాలు, పూలదండ మోసే మరుగుజ్జులు, పడగ విప్పిన నాగులు చెక్కిన సున్నపురాయి పలకలు బయటపడ్డాయి. వాటిని మద్రాసు పంపించాడు. అక్కడవి పదేళ్లకు పైగా ఆరుబయట ఎండకెండి వానకు తడిశాయి. టేలర్ అనే పాదిరి మాత్రం ఓపిగ్గా జాబితా రాశాడు. 1859లో 121 రాళ్లు లండన్ ఓడెక్కాయి. తీరా చూస్తే, అప్పటికే పాలన కంపెనీ చేజారింది! దిక్కులేని సరుకు లండన్‌లోని ఫైఫ్ హౌస్ గుర్రపుబళ్ల కొట్టంలో పడింది. 1867 పారిస్ ప్రదర్శనకు భారతీయ కట్టడాల ఫొటోలు కూర్చుతున్న జేమ్స్ ఫెర్గూసన్ కంట అక్కడే పడ్డాయి. మరుసటి ఏడే వాటి మీద ఆయన లావాటి పుస్తకం వచ్చింది. రాళ్లు బ్రిటిష్ మ్యూజియం చేరేసరికి 1880.

ఇలియట్‌కు రాళ్లొక్కటే లోకం కాదు. డార్విన్‌కు పావురాల చర్మాలు పంపాడు, తెలుగు జిల్లాల మొక్కల పేర్లతో ‘ఫ్లోరా ఆంధ్రికా’ కూర్చాడు. చూపు దాదాపు పోయాక దక్షిణాది నాణేల పుస్తకం పూర్తిచేశాడు. 1887లో పోయిన రోజు పొద్దున కూడా తమిళ పండితుడు పోప్‌కు ఉత్తరం చెప్పి రాయించాడు.

రాళ్ల సంగతికొస్తే, ఆ తర్వాత లెక్క కుదరదు. మద్రాసు మనది కాకుండా పోయింది, రాష్ట్రం రెండయింది, 2015లో రాజధానికి అమరావతి పేరుతో శంకుస్థాపన జరిగింది. శిల్పాలు మాత్రం లండన్‌లో కొన్ని, చెన్నైలో కొన్ని. తవ్వినవాడిని తిట్టడం తేలిక. నన్నడిగితే, తవ్విన రాళ్లను ఎండలో వదిలేసిన కచేరీలదే పెద్ద నేరం. ఆ అలవాటు దొరలతోనే పోయిందని ఎవరైనా అంటే మాత్రం నేను నమ్మను.