శరీరమే కొలబద్ద

తాండవనది ఒక గట్టున తునిని, రెండవ గట్టున పాయకరావుపేటను నిలిపి, నడుమగా పెంటకోట వైపున సముద్రమునకు సాగిపోవును. వంతెన లేని కాలమున ఈ గట్టునుండి ఆ గట్టునకు పోదలచిన బాటసారికి మొట్టమొదట తెలియవలసినది నీరెంత యున్నదను సంగతి. దానిని తెలుపుటకు తెలుగువానికి సిద్ధముగా నున్న మాటలేవియు ఏ కోలమీదను చెక్కియుండినవి కావు. చీలమండ లోతు, మోకాలి లోతు, మొల లోతు, రొమ్ము లోతు, పీక లోతు, అటుపైన నిలువు లోతు. ఇందు ప్రతిమాటయు కొలతయే గాక ఉపదేశము కూడ. మోకాలి లోతన్నచో పంచె ఎగగట్టి దాటవచ్చును. మొల లోతన్నచో మూట తలకెత్తుకొనవలెను. పీక లోతన్నచో వెనుదిరుగవలెను. చెప్పువాడు పొట్టివాడో పొడగరియో వినువాడు కన్నులార చూచుచునే యుండును గనుక పొరపాటునకు తావు స్వల్పము. ఎదుటనున్న మనుష్యుడే కొలబద్ద అగు ఈ పద్ధతిని అజ్ఞానజన్యమని త్రోసివేయువారితో నాకు ఏకీభావము లేదు. ఇరువురు ముఖాముఖిగా నిలిచి జరుపుకొను వ్యవహారమునకు దీనికి మించిన సాధనము కనబడదు.

మన మానములన్నియు ఇట్లే దేహమునుండి పుట్టినవి. నాలుగు వ్రేళ్లు చేర్చిన వెడల్పు బెత్తెడు. బొటనవ్రేలిని చిటికెనవ్రేలిని చాచిన దూరము జానెడు. మోచేతినుండి నడిమివ్రేలి కొనవరకు మూర. చేతులు రెండును బారచాపిన పొడవు బార. రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార యగుట దేహనిర్మాణమందే యిమిడియున్న గణితము. ధాన్యమునకు దోసెడు, పిండికి గుప్పెడు, ఉప్పునకు చిటికెడు. దూరమునకు కంఠస్వరమే కొలత గనుక కూతవేటు. ప్రొద్దునకు సయితము బార తప్పలేదు, ఆలస్యముగా లేచినవానిని బారెడు ప్రొద్దెక్కినదనియే నేటికిని మందలింతురు. చేనేతవారికి చీర పదునెనిమిది మూరలు. కడలిమీది పల్లెవారికి నీటిలోతు బారలు. ఆంగ్లనావికుల ఫాదము సైతము చాచిన బాహువుల పొడవే, ఆరడుగులే; పెంటకోట తీరమున తాడు వదలు బెస్తవానికిని, లండను రేవున సీసపుగుండు జారవిడుచు నావికునికిని కొలత విషయమున పేచీ యుండదు.

శాస్త్రకారులు ఈ వాడుకను ఉపేక్షింపలేదు. కౌటిల్యుడు ఎనిమిది యవమధ్యములు, అనగా యవగింజల నడిమి వెడల్పులు, అంగుళమనియు, లేనిచో మధ్యమపురుషుని నడిమివ్రేలి మధ్యభాగపు వెడల్పు అంగుళమనియు చెప్పి, ఇరువదినాలుగు అంగుళములు హస్తమని నిర్ణయించెను. అయినను పచ్చికబీళ్లను కొలుచునపుడు ఆ హస్తమే ఇరువదియెనిమిది అంగుళములనియు, అడవులయందు ఏబదినాలుగనియు విధించెను. విలువ తక్కువయగు నేలకు దీర్ఘమైన చేయి!

మన సీమకు మరింత చేరువయైన సాక్షి పావులూరి మల్లన. తునికి నైరృతిగా ఉన్న పీఠాపురము దాపుననే నవఖండవాడ యను అగ్రహారమును రాజరాజనరేంద్రుని కాలమున పొందిన వంశమువాడు. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట అమోఘవర్షుని కాలపువాడగు మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించి, గణితమును తెలుగు పద్యమున కూర్చినవాడు. ఆ మూలగ్రంథమున ఆరంగుళములు ఒక పాదము, రెండు పాదములు వితస్తి, రెండు వితస్తులు హస్తము, నాలుగు హస్తములు దండము. ఇచ్చట పాదమనగా మడమనుండి వ్రేలికొనవరకు గల పొడవు కాదు, అరికాలి అడ్డపు వెడల్పు. అంగుళములను గూడ మూడు విధములుగా విభజించి, ఏ కాలపు మనుష్యునికి ఆ మనుష్యుని వ్రేలే ఆత్మాంగుళమని అంగీకరించుట జైనపండితుడగు మహావీరాచార్యుని విశాలదృష్టికి గుర్తు. శిల్పులును ఇదే మార్గమున పోయిరి. ప్రతిమ ముఖము పొడవు ఒక తాళము, తాళము పండ్రెండు అంగుళములు, నవతాళప్రతిమ నూటయెనిమిది అంగుళములు. ఆ అంగుళము శిల్పి వ్రేలిది కాదు, ఆ ప్రతిమ దేహమునుండియే లభించినది. అందువలన అరచేతి విగ్రహమునందును ఆలయమంతటి మూర్తియందును సౌష్ఠవము ఒక్కటియే.

ఆంగ్లేయులు తమ అడుగును వెంటబెట్టుకొని వచ్చిరి. ఆ జాతివారికి పాదవాచకము బహుముఖమైన మాట: కొండ మొదలు, మంచము కాళ్లదిక్కు, కాల్బలము, పద్యమునందలి గణము, పండ్రెండంగుళముల కొలత అన్నియు దానిచేతనే చెప్పబడును. మనకును పాదము అట్టిదే. చతుష్పాత్తునకు ఒక కాలు నాల్గవవంతు గనుక నక్షత్రపాదమును పద్యపాదమును కలిగినవి. కొండకు పాదమును, కుండకు అడుగును కలవు. మధ్యయుగపు ఇంగ్లండు శాసనములో మూడు యవధాన్యములను కొనలు కలిపి పేర్చిన పొడవు అంగుళము, పండ్రెండంగుళములు అడుగు, మూడడుగులు గజము. అక్కడను కొలతకు ఆధారము యవధాన్యమే. మనవారు ఎనిమిదింటిని ప్రక్కప్రక్కన పేర్చిరి, వారు మూడింటిని నిలువున పేర్చిరి, అంతే భేదము. కాని ఈ భేదము ఒక విచిత్రమునకు కారణమయ్యెను. ఇరువదినాలుగు అంగుళముల మన మూర ఆంగ్లమానమున పదునెనిమిదింటికి సరిపోవును. అనగా మన ప్రాచీనాంగుళము వారిదానిలో ముప్పాతిక. మనవారు వారి కొలతకు అంగుళమను పేరునే పెట్టగా, తెలుగువాని వ్రేలు లావెక్కకయే అంగుళము మూడవవంతు పెరిగినది.

ఈ కొత్త అడుగు తునికి గట్టిగా దిగినది ఇనుపదారితో. 1893 మొదలు 1896 వరకు కటకమునుండి బెజవాడ వరకు తూర్పుతీరపు రైలుమార్గము వేయబడినది. రెండు పట్టాలకు నడుమ అయిదడుగుల ఆరంగుళములు. ఇది కలకత్తాలోను తునిలోను బెజవాడలోను వెండ్రుకవాసి మారుటకు వీలులేనిది. మూర ఎవరి చేతిదని అడుగవచ్చును గాని ఈ అడుగు ఎవరి పాదమని అడుగుటకు లేదు. అది ఎవని పాదమును కాదు. తుని తమలపాకులును మామిడిపండ్లును ముఖమెరుగని కొనుగోలుదారులకై పెట్టెలకెక్కి దూరదేశములకు పోవు కాలము వచ్చిన పిమ్మట, ముఖమెరుగని కొలతయు రాక తప్పదు. దీనిని నేను నిందింపను; వేయిమైళ్ల ఆవలనున్నవాడు తుని వర్తకుని మోచేతిని వచ్చి చూడజాలడు గదా.

భూమి విషయమున మాత్రము ఆ మార్పు తునియందు మెల్లగా వచ్చినది. అరువదియారడుగుల గొలుసుతో నేలను కొలిచి, పది చదరపు గొలుసులను ఎకరముగను, అందు నూరవవంతును సెంటుగను లెక్కించు సర్కారు సర్వే రైత్వారీ గ్రామములకు ముందు వచ్చినది. వత్సవాయివారి జమీందారీయగు తునివంటి చోట్ల వాడుక కొలతలకు బలము ఎక్కువకాలము నిలిచినది. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాతనే జమీందారీ గ్రామములు క్రమముగా సర్వేకును సెటిల్‌మెంటునకును లోనైనవి. రైతునకు దానివలన కలిగిన మేలు గొప్పది. దివాణపు మనుష్యుని చేతిలోని కోల ఎంత పొడవో అడుగ సాహసింపని దీనునికి, ఎవరి చేతిలోనైనను ఒకే పొడవు గల గొలుసు రక్షయైనది. దేహమానము సమానుల నడుమ న్యాయము. బలవంతుడును బలహీనుడును ఎదురైనచోట అది బలవంతుని బాహువగును.

1956లో తూనికల కొలతల చట్టము వచ్చి, 1958 అక్టోబరునుండి మీటరు పద్ధతి అంచెలంచెలుగా అమలులోనికి వచ్చినది. మీటరు ఏ మనుష్యాంగమునుండియు పుట్టినది కాదు. భూగోళపు చుట్టుకొలతనుండి ఫ్రెంచివారు గణించినది. తుని బట్టలకొట్లలో గజపుబద్దలు పోయి మీటరుబద్దలు వచ్చినవి. పూలబజారు మాత్రము లొంగలేదు. పూలమ్మి మాల కొనను నడిమివ్రేలి చివరకు పట్టి, ముంజేతిమీదుగా మోచేతివరకు లాగి, అచ్చట బొటనవ్రేలితో నొక్కి తెంపును. కొనునామె ‘మూర చిన్నదైనదమ్మా’ అని తన చేతిని ప్రక్కన చాచి చూపగా, ఇంకొక నాలుగు మల్లెలు కొసరుగా కలియును. లోవకొత్తూరు తలుపులమ్మ సన్నిధికి పోవు స్త్రీలు ఆదివారమున కొనునది ఈ మూరనే. ఇండ్ల స్థలములకు గజము, గదులకు అడుగు, పొలములకు ఎకరము సెంటు, పూలకు మూర. రిజిస్ట్రేషను దస్తావేజులలో చదరపు గజముల సంఖ్యను వ్రాసి, దాని ప్రక్కనే చదరపు మీటర్లను గూడ వ్రాయుదురు. మొదటి సంఖ్య కొనువానికి, రెండవది చట్టమునకు.