తల తీసేస్తే కుదిరిన తూగు

వినాయక చవితి మండపమైనా, హన్మకొండలో పెళ్లి రిసెప్షనైనా, ఎన్‌ఐటీ విద్యార్థుల స్ప్రింగ్ స్ప్రీ వేదికైనా జనం చూపు పాడేవాళ్ల మీదా, కీబోర్డు మీదా, డ్రమ్స్ మీదా ఉంటుంది. ఓ పక్కన నిలబడి నాలుగు లావుపాటి తీగలు మీటే మనిషిని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అతను రెండు నిమిషాలు ఆపితే మాత్రం పాట బోలుగా అయిపోయిందని సంగీతం తెలియనివాళ్లకూ తెలిసిపోతుంది. ఆ బేస్ గిటార్ తరచుగా నాలుగు కిలోలు తూగుతుంది. మూడు గంటల కార్యక్రమంలో ఆ బరువంతా ఎడమ భుజం మీద ఒక పట్టీకి వేలాడుతుంది. బరువు ఒక్కటే అయితే అలవాటు పడొచ్చు. అసలు బాధ మరొకటి. వాద్యం మెడ తనంతట తాను నేలవైపు వాలిపోతుంటుంది. స్వరాలు పట్టాల్సిన ఎడమచేయి పాట పొడుగునా దాన్ని పైకి ఎత్తిపట్టుకునే పని కూడా చేయాలి.

ఎందుకు వాలుతుంది? బేస్‌లో అన్నిటికన్నా మంద్రమైన తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అంత కింది స్వరం బిగువుగా పలకాలంటే తీగ లావుగా ఉండాలి, పొడుగ్గానూ ఉండాలి. మామూలు బేస్‌లో తీగ పలికే పొడవు 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్లు. నాలుగు తీగల లాగుడు కలిపితే దాదాపు 80 కిలోలు. ఆ లాగుడును తట్టుకుని శ్రుతి నిలపడానికి పెద్ద పెద్ద ట్యూనింగ్ కీలు కావాలి. పాతరకం కీలైతే నాలుగూ కలిసి 400 గ్రాముల దాకా ఉంటాయి. వాటిని బిగించిన తలచెక్క మెడ చిట్టచివర, భుజం పట్టీ తగిలించే చోటికి అర మీటరుకు పైగా దూరంలో ఉంటుంది. అంత దూరాన వేలాడే అరకిలో దగ్గరున్న రెండు కిలోలతో పోటీ పడగలదు. కావడి మోసినవాడికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు. బద్ద ఒక కొసన పడే చిన్న బరువు రెండో కొసను గాల్లోకి లేపుతుంది.

విచిత్రమేమిటంటే, బేస్ గిటార్ పుట్టిందే మోత తగ్గించడానికి. అంతకుముందు ఆ పని డబుల్ బేస్‌ది. మనిషెత్తు పెట్టె, రైల్లో ఒక సీటు దానికే కావాలి, డ్రమ్స్ పక్కన నిలబెడితే వినపడదు. 1930ల నడుమ సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ అనే సంగీత ఉపాధ్యాయుడు దాన్ని గిటార్‌లాగా అడ్డంగా పట్టుకునేలా, మెట్లు పెట్టి, విద్యుత్తుతో మోగేలా చేశాడు. ఆడియోవాక్స్ పేరుతో కొన్ని అమ్ముడయ్యాయి, తర్వాత మరుగున పడ్డాయి. 1951లో కాలిఫోర్నియాలోని లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాక ప్రపంచం మారింది. రేడియో రిపేరు పని నుంచి వచ్చిన మనిషి కదా, విప్పి బాగుచేసుకోగలిగేలా, పలకచెక్కతో, మరలతో బిగించిన మెడతో చేశాడు. నేటికీ మనం చూసే బేస్‌లలో ఎక్కువ భాగం దాని సంతతే. పెట్టె మోత పోయింది, మెడ వాలుడు వచ్చింది. పాతికేళ్లకు పైగా వాయిద్యకారులు దాన్ని వాద్యం స్వభావమని సర్దుకుపోయారు.

దాన్ని స్వభావమని ఒప్పుకోనివాడు సంగీతకారుడు కాదు. నెడ్ స్టైన్‌బర్గర్ 1948లో పుట్టాడు. శిల్పకళ చదివి, న్యూయార్క్‌లో కుర్చీలు, బల్లలు డిజైన్ చేస్తూ బ్రూక్లిన్‌లో కొందరు చెక్కపని వాళ్లతో కలిసి ఒక షెడ్డు పంచుకున్నాడు. తండ్రి జాక్ స్టైన్‌బర్గర్ భౌతికశాస్త్రవేత్త, తర్వాత 1988లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ షెడ్డులోనే స్టువర్ట్ స్పెక్టర్ గిటార్లు చేస్తుండేవాడు. పక్కవాడి పని చూస్తూ చూస్తూ నెడ్ 1977 నాటికి అతనికోసం ఒక బేస్ రూపొందించాడు. వెనక వైపు పొట్టకు ఒదిగేలా వంపు తిరిగిన బాడీ అది. కుర్చీ చేసేవాడి కన్ను అందులో కనిపిస్తుంది. మనిషి ఒంటికి వస్తువు ఎక్కడ తగులుతుంది, ఎక్కడ నొక్కుతుంది అన్నదే అతని మొదటి ప్రశ్న.

ఆ ప్రశ్నే అతన్ని మెడ వాలుడు దగ్గరికి తెచ్చింది. మెడ బరువుగా ఉంటే రెండో వైపు సీసం దిమ్మ పెట్టొచ్చు, పట్టీ తగిలించే చోటు మార్చొచ్చు. ఇవన్నీ బరువుకు బరువు జోడించే పనులు. నెడ్ ఆలోచన ఇంకోలా సాగింది: కీలు ఆ చివర ఎందుకుండాలి? తీగకు రెండు కొసలున్నాయి. బిగించే పని బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి వైపు నుంచీ చేయొచ్చు. కీలు అటు పోతే తలచెక్కకు ఇక పనే లేదు. పైగా అవి ఉత్తినే పోవు. పట్టీకి ఇటు అర మీటరు దూరాన లాగుతున్న బరువు అటు అర మీటరు దూరానికి చేరి, మెడకు ఎదురు తూగుతుంది. తీసింది ఒక్కసారే, లాభం రెండు వైపులా. ఈ ఒక్క మార్పులోని అందం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

మొదట చెక్కతోనే ప్రయత్నించాడు. కానీ చెక్క మెడకు ఇంకో జబ్బుంది. అది కూడా ఒక తీగలాంటిదే, దానికంటూ ఒక కంపనం ఉంటుంది. వాయించిన స్వరం దానితో కలిసిన చోట తీగ శక్తిని మెడ తాగేస్తుంది, స్వరం టక్కున చచ్చిపోతుంది. బేస్ వాయించేవాళ్లు వీటిని డెడ్ స్పాట్స్ అంటారు. సన్న తీగ మీద అయిదో మెట్టు నుంచి ఏడో మెట్టు మధ్యలో వెతికితే చాలా గిటార్లలో దొరుకుతాయి. అప్పటికే కాలిఫోర్నియాలో విమాన, అంతరిక్ష పరిశ్రమ నుంచి వచ్చిన జెఫ్ గూల్డ్ కార్బన్ ఫైబర్‌తో బేస్ మెడలు చేయడం మొదలుపెట్టాడు. నెడ్ ఇంకో అడుగు వేసి మెడనూ బాడీనీ కూడా ఎపాక్సీ జిగురులో కార్బన్, గాజు నారలు పొదిగి చేశాడు. ఎండకు వంగదు, వానకు ఉబ్బదు. తొలి నమూనాల మెడలో వంగకుండా పట్టే లోహపు కడ్డీ (ట్రస్ రాడ్) కూడా పెట్టలేదు, ఆ అవసరమే లేదు.

అలా వచ్చిందే స్టైన్‌బర్గర్ ఎల్2. 1980లో సొంత కంపెనీ పెట్టాడు. 1981లో అమెరికా ఇండస్ట్రియల్ డిజైనర్ల సంఘం అవార్డిచ్చింది, టైమ్ పత్రిక ఆ ఏటి మేటి డిజైన్లలో చేర్చింది. టోనీ లెవిన్, రష్ బృందం గెడ్డీ లీ వంటి బేస్ వాయిద్యకారులు దాన్ని వేదికల మీదికి తీసుకెళ్లారు. చూడ్డానికి నల్లటి తెడ్డులా ఉండేది. బాడీకి కొమ్ములు లేవు కాబట్టి పట్టీని వెనకవైపు తిరిగే బద్దకు తగిలించారు, దాంతో ఏ కోణంలో వదిలితే ఆ కోణంలో నిలబడేది. కూర్చుని వాయించేవాళ్లకు తొడ మీద ఆనడానికి మడత కాలు ఉండేది. తీగలకు రెండు కొసలా చిన్న గుండ్లుండేవి, ఒక కొసను మెడ చివర తగిలించి రెండోదాన్ని వెనక మరతో లాగడమే. కీకి చుట్లు చుట్టే పని లేదు, చుట్లు వదులై శ్రుతి జారే బాధా లేదు.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. ఎల్2 మామూలు బేస్‌ల కన్నా బాగా తేలికైనదేమీ కాదు. కార్బన్, ఎపాక్సీ కూడా దట్టంగా పోస్తే బరువే. అయినా మోసినవాళ్లకు తేలిగ్గా అనిపించింది, ఎందుకంటే తూగింది. ఇంట్లో బేస్ చేసుకుందామనుకునే మనవాళ్లు చాలామంది మొదట తక్కెడ చూస్తారు. తక్కెడ రెండో మాట. మూడున్నర కిలోలుండి తూగే బేస్, రెండున్నర కిలోలుండి మెడ వాలే బేస్ కన్నా భుజానికీ చేతికీ మేలు.

తేలికగానూ గట్టిగానూ ఉండే పదార్థం కోసం వెతుకులాట మాత్రం మనకు కొత్త కాదు. ములుగు జిల్లా పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరంలో నీటిపై తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. కింది స్తంభాల మీద మోత తగ్గించడానికే కదా అది. మన కిన్నెర చూడండి. వెదురు దండి, సొరకాయ బుర్రలు, మైనంతో అంటించిన మెట్లు. బోలుగా ఉండి వంగని గొట్టం కావాలంటే వెదురును మించింది ప్రకృతిలో అరుదు. పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని ఊరూరూ తిరిగిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. కాలినడకన తిరిగే కళాకారుడి వాద్యం బరువుగా ఉండి ఉంటే ఆ కథలు అన్ని ఊళ్లు చేరేవే కావు.

పరాయి వాద్యాన్ని మన అవసరానికి కోసి కుట్టుకోవడం కూడా తెలుగువాళ్లకు తెలుసు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్‌లో జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకుని, అయిదో తీగ చేర్చి, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక గమకాలు పలికించాడు. అక్కర్లేనిది తీసేయడం ఆయన చేతుల్లో ఒక సంగీతమే అయింది.

స్టైన్‌బర్గర్ కంపెనీ 1987లో గిటార్ల కంపెనీ గిబ్సన్ చేతికి వెళ్లింది. లైసెన్సు తీసుకుని హోనర్ వంటి కంపెనీలు చెక్కతో చవక నమూనాలు చేశాయి. 1990లలో వాటి మోజు తగ్గింది, తలలేని గిటారంటే ఎనభైల నాటి ముచ్చటని పక్కన పెట్టారు. 2007 తర్వాత స్వీడన్‌లో ఓలా స్ట్రాండ్‌బర్గ్ అనే ఇంజినీరు సొంతంగా హెడ్‌లెస్ గిటార్లు చేయడం మొదలుపెట్టాక మళ్లీ ఊపొచ్చింది. ఇప్పుడు హెడ్‌లెస్ బ్రిడ్జీలు, తీగ బిగించే క్లాంపులు విడిగా అమ్ముతున్నారు. ఇంట్లో చేసుకునేవాడికి ఇదే పెద్ద వరం. రెండు కొసలా గుండ్లున్న ప్రత్యేకమైన తీగలు ఇక్కడ దొరకవని దిగులు పడక్కర్లేదు. క్లాంపులో మామూలు తీగ దూర్చి చిన్న మరతో బిగించి, మిగిలిన కొసను కత్తిరిస్తే చాలు.

వరంగల్‌లో దీన్ని చేయొచ్చా? నిక్షేపంగా చేయొచ్చు. మెడకు బాగా ఆరిన టేకు, నిలువు గీతలు తిన్నగా ఉన్నది. లోపల ట్రస్ రాడ్ తప్పనిసరి. మే నెల ఎండకూ జూన్ తేమకూ మధ్య మన దగ్గర చెక్క ఎంత ఆడుతుందో ఏ వడ్రంగినడిగినా చెబుతాడు. బాడీకి నా మనసులో ఉన్నది పొనికి కర్ర, నిర్మల్ బొమ్మలు చేసేది. చేతిలో పెడితే ఉన్నట్టే ఉండదు. అయితే అది మెత్తన. 80 కిలోల లాగుడు పడే బ్రిడ్జి మరలు దానిలో నిలవవు. అందుకని మెడ టేకునే బాడీ మధ్యగా బ్రిడ్జి దాకా తీసుకెళ్లి, పొనికిని రెండు రెక్కలుగా అతికించాలి. బ్రిడ్జి దొరక్కపోతే లేత్ షెడ్డులో ఇత్తడి దిమ్మలు, సన్న మర ఉన్న బోల్టులతో చేయించుకోవచ్చు. తీగ శ్రుతికి రావడానికి లాగాల్సింది ఒకటి రెండు సెంటీమీటర్లే. మర ఎంత సన్నగా ఉంటే శ్రుతి అంత నాజూగ్గా కుదురుతుంది.

వేదిక మీద కొన్ని చిక్కులుంటాయి. తలచెక్క లేదు కాబట్టి క్లిప్పు ట్యూనర్ పెట్టే చోటుండదు, కాలికింది పెడల్ ట్యూనర్ కావాలి. మెడను కొక్కేనికి తగిలించే స్టాండు పనికిరాదు. తీగ తెగితే మార్చడానికి అలెన్ కీ జేబులో ఉండాలి. బదులుగా, 46 అంగుళాలుండే సంచి 40 అంగుళాల లోపుకు వస్తుంది. కాజీపేటలో రైలెక్కినా, ఆర్టీసీ బస్సులో కూర్చున్నా ఒళ్లోనో పక్కనో పట్టేస్తుంది. ఇరుకు మండపంలో పక్కనున్న గాయకురాలి ముఖానికి మెడ తగులుతుందన్న భయం ఉండదు.

చేయాలనుకునేవాళ్లకు ఒక విన్నపం. మంచి చెక్కను కోసే ముందు అదే కొలతల్లో ప్యాకింగ్ చెక్కతో ఒక డొల్ల ఆకారం చేసి, క్లాంపులు, తీగ కంపనాన్ని పట్టే పికప్‌లు, బ్రిడ్జి వాటి వాటి చోట్ల టేపుతో అంటించి, పట్టీ వేసుకుని చేతులు వదిలేసి నిలబడండి. మెడ ఎక్కడ ఆగుతుందో చూసి, పట్టీ కొక్కెం చోటు అప్పుడు గుర్తు పెట్టండి. కుదిరిన కొలతల్ని కాగితం మీద రాసి, పక్క వీధి ఆర్కెస్ట్రా కుర్రాడికి కూడా ఇవ్వండి.